చూపించని రెండో పేజీ

సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెను అందరూ దబ్బనం అక్క అనేవారు. చేతిలో ఎప్పుడూ దబ్బనం ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకునేవారు గానీ, అసలు కారణం ఆమె మాట. ఎవరైనా కుట్టు వంకరగా వేస్తే, "ఇది సీటా, పాము పోయిన దారా?" అని నలుగురి ముందూ అడిగేసేది. అడిగాక పక్కన కూర్చుని, తానే కుట్టు విప్పి, రెక్సిన్ అంచు ఎలా మడవాలో ఓపిగ్గా చూపించేది.

బస్సులకూ రైళ్ళకూ సీట్లు చేసే ఆ కంపెనీలో ఆమె చేరిన నాటికి ఒక రేకుల షెడ్డు, ఆరు మిషన్లు ఉండేవి. పదిహేడేళ్ళు తిరిగేసరికి పనివాళ్ళు మూడు వందల మంది అయ్యారు, షెడ్డు పక్కన అద్దాల ఆఫీసు లేచింది, ఆమె కుట్టు విభాగానికి పెద్ద అయింది. భర్త సిటీ బస్సు డ్రైవరు. "రోజంతా నన్ను మోసేది నీ కుట్టే" అని ఆటపట్టించేవాడు. ఒక్కతే కూతురు. ఫిజియోథెరపీ చదువుతోంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు కాలేజీ సగం ఫీజు మాఫీ చేస్తుంది కాబట్టి ఆ చదువు సాగుతోంది.

కంపెనీ షేర్ మార్కెట్లోకి వెళ్ళిన ఏడు యజమాని స్వయంగా షెడ్డులోకి వచ్చాడు. ఫోమ్ కట్టల మధ్య నిలబడి, ఇకమీదట మీరు పనివాళ్ళు కాదు, భాగస్వాములు అన్నాడు. సర్వీసును బట్టి ప్రతి ఒక్కరికీ కొన్ని షేర్లు రాస్తున్నామనీ, మూడేళ్ళు మానకుండా పనిచేస్తే అవి వాళ్ళ సొంతమవుతాయనీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దబ్బనం అక్క కూడా మనస్ఫూర్తిగానే కొట్టింది. జీతం పెంచమని రెండేళ్ళుగా అడుగుతున్నది ఆమే. జీతానికి బదులు ఇంకేదో పెద్దదే వచ్చిందనుకుంది.

ఆ మూడేళ్ళలో రెండో ఏడు, ఒక సోఫాల దుకాణం యజమానురాలు ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. ఇక్కడికన్నా పావు వంతు ఎక్కువ జీతం, వారానికి రెండు రోజుల సెలవు ఇస్తానంది. దబ్బనం అక్కకు మనసు లాగింది. రెండు రోజులు అటూ ఇటూ ఊగింది. ఇప్పుడు మానేస్తే షేర్లన్నీ పోతాయి. చివరికి రానని కబురు పంపింది. ఆ ఉద్యోగంలో ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్లే ఒకతె చేరిపోయింది.

మూడేళ్ళు నిండాయి. షేర్లు పేరు మీదికి వచ్చిన రోజున మార్కెట్లో ధర మంచి ఊపు మీద ఉంది. కూతురు ఫోన్లో చూసి లెక్క కట్టింది. తొమ్మిది నెలల జీతం. ముగ్గురూ కూర్చుని వంటింట్లో కారుతున్న కప్పు గురించీ, కూతురి ఆఖరి ఏడు ఫీజు గురించీ మాట్లాడుకున్నారు. ఇంట్లో ఎవరూ అన్నేళ్ళలో అంత తేలిగ్గా డబ్బు మాట ఎత్తింది లేదు.

ఆ నెలాఖరున జీతం చీటీ వచ్చింది. చేతికి వచ్చింది నాలుగో వంతు. మిగతాదంతా పన్ను అని ఉంది. పొరపాటేమోనని జీతాల గుమస్తా దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె ఈడువాడే, అయినా అందరిలాగే అక్కా అనే పిలిచేవాడు. పొరపాటు కాదని చెప్పాడు. షేర్లు ఏ రోజు చేతికి వస్తే ఆ రోజు ధరను జీతం కిందే చూస్తుంది చట్టం. అంటే ఈ ఏడు ఆమె జీతం లెక్కలో దాదాపు రెట్టింపైంది. అందుకే పన్ను రేటు కూడా ఒక మెట్టు పైకి వెళ్ళింది. మొత్తం రెండు నెలల జీతం పైచిలుకు పన్ను పడింది, దాన్ని మూడు నెలల్లో కోస్తున్నారు.

"నేను అమ్మనేలేదుగా. పైసా చేతికి రాలేదుగా" అంది ఆమె.

"అమ్మినా అమ్మకపోయినా అంతే అక్కా. వచ్చినట్టే లెక్క."

"అయితే కొన్ని అమ్మి కట్టేస్తాను. నా జీతం నాకిచ్చెయ్యండి."

అది కుదరదన్నాడు గుమస్తా. కంపెనీ ఇచ్చిన షేర్లను ఏడాది దాకా అమ్మకూడదని నిబంధన ఉంది. షేర్లు ప్రకటించినప్పుడు ఆమె సంతకం పెట్టిన కాగితంలోనే ఉందట.

ఆ మూడు నెలలూ ఇల్లు భర్త జీతం మీద నడిచింది. ఆయన అదనపు డ్యూటీలు వేయించుకున్నాడు. కప్పు కింద బకెట్ అలాగే ఉంది. ఎవరైనా పరామర్శిస్తే దబ్బనం అక్క నవ్వేసి, "భాగస్వామిని కదమ్మా, జీతంతో పనేముంది" అనేది. ఆ నవ్వు చూసి ఎదుటివాళ్ళకే ఇబ్బందిగా ఉండేది.

అయినా షేర్లు ఉన్నాయిగా అన్న ధైర్యం కొంత ఉండేది. అదీ ఎన్నాళ్ళో నిలవలేదు. నాలుగో నెలలో ఒక రైల్వే సంస్థ పెద్ద ఆర్డరు రద్దు చేసుకుంది. సీట్లలో వాడిన ఫోమ్ నిప్పు పరీక్షలో నెగ్గలేదట. ఆ ఫోమ్ మార్చింది ఖర్చు తగ్గించాలని పై ఆఫీసువాళ్ళే. షెడ్డులో ఎవరినీ అడిగి మార్చలేదు. ధర జారడం మొదలెట్టి, రెండు నెలల్లో ఏడో వంతుకు దిగిపోయింది. ఆమె పన్ను కట్టింది మాత్రం ఆ మొదటి రోజు ధర మీద.

అంతలో కాలేజీ నుంచి కాగితం వచ్చింది. కిందటి ఏడాది కుటుంబ ఆదాయం హద్దు దాటింది కాబట్టి ఫీజు మాఫీ రద్దు చేశామని అందులో ఉంది. దబ్బనం అక్క ఒక రోజు సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళింది. అది రాని డబ్బని, ఉత్త కాగితమని చెప్పింది. కిటికీ అవతలి మనిషి ఆదాయ పత్రం తిప్పి చూపించాడు. కంపెనీ ఇచ్చిన పత్రం, కంపెనీ ముద్ర, అంకె స్పష్టంగా ఉంది. మేము పత్రం చూస్తామమ్మా, పర్సు చూడలేం అన్నాడు. కూతురు శని, ఆదివారాలు మందుల షాపులో పనికి కుదిరింది.

కడుపు మండిన మనిషి ఊరుకుంటుందా. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పన్నుల ఆఫీసుకు వెళ్ళింది. మూడుసార్లు తిప్పారు. ఒకసారి టోకెన్లు అయిపోయాయన్నారు, ఒకసారి ఇది మా గది కాదన్నారు. మూడోసారి ఒక పెద్ద వయసు అధికారిణి ఆమెను కూర్చోబెట్టి కాగితాలన్నీ వరసగా చదివింది. అంతవరకూ ఆ కాగితాలను మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్ళు ఎవరూ లేరు.

వచ్చిన రోజు ధర మీద పన్ను సరైనదేనని అధికారిణి చెప్పింది. తర్వాత ధర పడిపోతే అది వేరే రకం నష్టం, పెట్టుబడి నష్టం. దాన్ని జీతం మీది పన్నులో తగ్గించడానికి లేదు. ఎప్పుడైనా పెట్టుబడి మీద లాభం వస్తే అందులో తగ్గించుకోవచ్చు. అలా కొన్నేళ్ళ పాటు ఆ నష్టాన్ని లెక్కల్లో మోసుకుపోవచ్చు.

"అంత లాభం నాకు ఎక్కడ్నుంచి వస్తుందమ్మా?" అని అడిగింది దబ్బనం అక్క.

"రాదు" అంది అధికారిణి. "మీలాంటివాళ్ళకు ఇది పనికిరాదని నాకూ తెలుసు. చట్టం అలా ఉంది."

ఆ నిజాయితీకి దబ్బనం అక్కకు కోపం కూడా రాలేదు. లేవబోతుంటే అధికారిణి ఇంకో మాట అడిగింది. పన్నుకు సరిపడా షేర్లు కంపెనీయే పట్టుకుని, పన్ను తానే కట్టి, మిగిలినవి ఇచ్చే పద్ధతి ఉంటుంది, అది ఎందుకు ఎంచుకోలేదు అని. అలా చేసుంటే జీతంలో ఒక్క పైసా కోసేవాళ్ళు కాదు, ధర పడినా ఆ భారం ఆమె మీద ఉండేది కాదు. ఒప్పందంలో దానికి ఒక గడి ఉంటుంది, చూడమంది.

ఆమె కవరు తిరగేసింది. ఆమె దగ్గరున్న కాగితం మీద మూడో పేజీ అని అచ్చయి ఉంది. సంతకం ఉన్నది దాని మీదే. మొదటి రెండు పేజీలూ ఆమె ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే జీతాల గుమస్తా బల్ల ముందు నిలబడింది. ఆయన మొదట తనకేం తెలియదన్నాడు. ఆమె కదలకుండా నిలబడేసరికి లేచి తలుపు వేసి వచ్చి, మొత్తం పేజీలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండో పేజీలో రెండు గడులు. ఒకటి, పన్ను జీతంలో కోయండి. రెండోది, పన్ను మేరకు షేర్లు పట్టుకోండి. ఆమె కాగితంలో మొదటి గడిలో టిక్కు ఉంది. అది ఆమె పెట్టింది కాదు.

"ఎవరు పెట్టారు?"

"నేనే అక్కా. షెడ్డువాళ్ళందరికీ అలాగే పెట్టమని పైనుంచి చెప్పారు."

ఆఫీసులోవాళ్ళు ఏ గడి ఎంచుకున్నారని అడిగింది. గుమస్తా తల దించుకున్నాడు. వాళ్ళకు బయటి నుంచి సలహాదారును పిలిపించి ఒక పూటంతా వివరించారట. అందరూ రెండో గడే పెట్టుకున్నారట. షెడ్డువాళ్ళకూ రెండోదే అయితే ఆ పన్నంతా కంపెనీ తన చేతి డబ్బుతో ముందు కట్టాలి. మూడు వందల మందికి అంత డబ్బు బయటికి తీయడం ఇష్టం లేక, వాళ్ళకు చెబితే గందరగోళపడతారులే అనుకున్నారట. ఇదంతా చెప్పి, తన టిక్కు కూడా మొదటి గడిలోనే ఉందని గుమస్తా మెల్లగా అన్నాడు. ఆయనకూ కోశారు. ఆయనను తిట్టాలని వచ్చిన మనిషి తిట్టకుండానే తిరిగి వెళ్ళింది.

సంతకాలు సేకరించడం మొదలెట్టింది. భోజనం విరామంలో మిషన్ మిషన్ దగ్గరకూ వెళ్ళి రెండో పేజీ చూపించింది. చదివినవాళ్ళందరూ మండిపడ్డారు. సంతకం అనేసరికి చాలామంది చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆర్డర్లు లేని కాలం, ఎవరిని తీసేస్తారో అన్న భయం. మూడు వందల మందిలో అరవై రెండు సంతకాలు వచ్చాయి.

యజమాని ఆమెను పైకి పిలిపించాడు. ఆ లిఫ్టు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పాత రోజులు గుర్తు చేశాడు, ఆరు మిషన్ల షెడ్డు గురించి చెప్పాడు. ధర పడిపోయి తనకు జరిగిన నష్టం ఎంతో కూడా చెప్పాడు. తర్వాత, బాధగానే, "ఎవరూ ఇవ్వని రోజుల్లో మీకు ఇచ్చానమ్మా. అసలు ఇవ్వకపోయుంటే మీకేం పోయేది?" అన్నాడు.

"ఇవ్వకపోయుంటే రెండు నెలల జీతం నా దగ్గరుండేది సార్. మా అమ్మాయి ఫీజు మాఫీ ఉండేది. నేను సోఫాల దుకాణంలో ఉండేదాన్ని."

ఈ గడుల సంగతి తనకు తెలియదన్నాడు యజమాని. నిజంగానే తెలియకపోయి ఉండొచ్చు. కనుక్కుంటానన్నాడు.

కనుక్కున్నాక నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కట్టిన పన్నును వెనక్కి తేవడం వీలుకాదు. గడి మార్చడానికి గడువు దాటింది. ఉద్యోగుల ఇబ్బందిని దృష్టిలో ఉంచుకుని షేర్లు అమ్మకూడదన్న ఏడాది గడువును మాత్రం మూడు నెలలు తగ్గిస్తున్నాం. ఫీజుల సంగతి ఎక్కడా లేదు. టిక్కు ఎవరు పెట్టారన్న మాటా లేదు. పక్కన నిలబడి చదివిన మిషన్ పిల్ల, మనమే గెలిచాం కదక్కా అంది.

గడువు తీరిన మొదటి రోజే ఆమె అన్నీ అమ్మేసింది. ఒక నెల జీతం కన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. పన్నుగా పోయింది రెండు నెలల పైచిలుకు. మూడేళ్ళు కట్టుబడి పనిచేసినందుకు వచ్చిన బహుమానం మీద ఆమెకు దాదాపు నెల జీతం చేతి నుంచే పోయింది. ఆ డబ్బు కూతురి ఫీజులోకి వెళ్ళింది, అయినా చాలలేదు. వంటింటి కప్పు మీద భర్త తారు కాగితం పరిచి, నాలుగు ఇటుకలు పెట్టాడు.

మరుసటి ఏడు కంపెనీ రెండో విడత షేర్లు ప్రకటించింది. ఈసారి మూడు పేజీలూ అందరికీ ఇచ్చారు. దబ్బనం అక్క మిషన్లు ఆపించి, దారపు బాబిన్ల పెట్టె మీద కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదివింది. గంట పట్టింది. సూపర్వైజరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు గానీ ఆపలేదు. చదవడం రానివాళ్ళకు ఏ గడి అంటే ఏమిటో చెప్పి, ఎవరి టిక్కు వాళ్ళ చేతే పెట్టించింది.

తన కాగితంలో మాత్రం ఏ గడీ నింపలేదు. కింద ఖాళీ జాగాలో, షేర్లు వద్దు, ఆ మేరకు జీతం పెంచండి అని రాసి ఇచ్చింది. వారం తర్వాత జవాబు వచ్చింది. అటువంటి వీలు ఈ పథకంలో లేదని, కాబట్టి ఆమె కాగితం అసంపూర్తిగా ఉన్నట్టు భావిస్తున్నామని అందులో ఉంది. దాంతోపాటు ఒక కొత్త కాగితం కూడా జతచేసి పంపారు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, రెండో గడిలో టిక్కు పెట్టింది. టిక్కు పెట్టేటప్పుడు పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింద పేజీ మీద కూడా గుర్తు పడింది.