మచ్చల చేప, మాఫీ మాట

ఖతర్‌లో కొత్తగా దిగిన ఆ రోజుల్లో నాకు రెండు డ్యూటీలు ఉండేవి. పగలు కంపెనీ స్టోర్‌లో సామాను అందించడం ఒకటి, మిగతా వేళంతా భయపడటం రెండోది. నివాస కార్డు ఇంకా చేతికి రాలేదు. అది వచ్చేలోగా ఏ చిన్న గొడవలో ఇరుక్కున్నా కంపెనీ టికెట్ కొని విమానం ఎక్కించేస్తుందని క్యాంప్‌లో తలా ఒక మాట చెప్పారు. (అలా ఎక్కించిన మనిషి ఎవరని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు.) మా అమ్మ ఫోన్‌లో "దుబాయ్‌ల మంచిగున్నవా బిడ్డా?" అంటే, ఇది దుబాయ్ కాదని సరిదిద్దడానికి కూడా జంకేవాణ్ణి, పక్కన ఎవరైనా విని తప్పుపడతారేమోనని.

ఇంత భయంలోనూ చదువు గర్వం మాత్రం తగ్గలేదు. బడి మధ్యలోనే ఆగిపోయినా, మా మండలం గ్రంథాలయంలో బీరువాల్లో ఉన్నవన్నీ నమిలేసినవాణ్ణి. అట్ట ఊడిన ఒక పుస్తకంలో, ఒళ్ళంతా మచ్చలుండే ట్రౌట్ అనే విదేశీ చేప వంతెన స్తంభాల చుట్టూ తిరుగుతుందని, స్తంభానికి పట్టిన గుల్లల్లో దానికి మేత దొరుకుతుందని చదివాను. సముద్రం మొహం చూడని ఊళ్ళో కూర్చుని చదివిన విషయం, ఎప్పటికి పనికొస్తుందా అని ఎదురుచూస్తూ ఉండేది.

మా క్యాంప్ ఉన్న అల్ వుకైర్‌లో నా గదిలోనే ఉండే ఎలక్ట్రీషియన్ ఒకాయన, నాతోపాటు అదే విమానంలో వచ్చినవాడు, గోదావరి వైపు మనిషి. ఏ కూర ముందు పెట్టినా పులసను తలచుకుని నిట్టూర్చేవాడు కాబట్టి అందరం పులసన్న అనేవాళ్ళం. ఆయన ఒక రోజు మార్కెట్‌లో హమూర్ చేపను చూపించి "దీని ఒంటిమీద మచ్చలు చూశావా తమ్ముడూ?" అన్నాడు. అంతే, నా పుస్తకం తెరుచుకుంది.

"మచ్చల చేప అంటే స్తంభాల కాడనే ఉంటది అన్నా. నేను చదివిన."

"ఆయ్, చదివావు సరే. ఎప్పుడైనా పట్టావా?"

"నువ్వు పట్టినవా?"

"నేను తిన్నానండీ బాబూ. పట్టడం ఎవరైనా పడతారు."

శుక్రవారం మధ్యాహ్నం, పులసన్న చర్చికి వెళ్ళొచ్చాక (అక్కడ వారపు సెలవూ, చర్చిలో ప్రార్థనా శుక్రవారమే), నైలాన్ దారం, గాలాలు, కొన్ని రొయ్యలు పట్టుకుని ఒక సముద్రపు పాయ మీద ఉన్న చిన్న వంతెన దగ్గరికి చేరాం. కార్డు బదులు నా చొక్కా జేబులో పాస్‌పోర్ట్ జిరాక్స్ కాగితం ఉంది. దాన్ని తడిమి చూసుకుంటూ, ఇంకో చేత్తో ఎర వేశాను. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, ఎర వాటితోపాటు స్తంభం వైపు కొట్టుకుపోయేలా విసరాలని పుస్తకం చెప్పింది. విసిరాను. పులసన్న గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, కూరలోకి చింతపండు ఎంత నానబెట్టాలో ఆలోచిస్తున్నాడు.

కాసేపటికి వంతెన మీద యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించాడు. నా గుండె జారి ఎరతోపాటు నీళ్ళలో పడింది. ఆయన అరబ్బీలో గబగబా ఏదో అని, చివర "మాఫీ! మాఫీ!" అని చెయ్యి ఊపాడు.

"ఏంటంటాడు తమ్ముడూ?" అని అడిగాడు పులసన్న.

ఇక్కడే నా చదువు అడ్డొచ్చింది. ఉర్దూలోకీ, అక్కణ్ణించి మనలోకీ అరబ్బీ మాటలు ఎన్నో వచ్చాయని గ్రంథాలయంలోనే చదివాను. "మాఫీ అంటుండు అన్నా. రుణమాఫీ వినలే? కొత్తోళ్ళు గదా, మాఫీ చేసిన, పట్టుకోండ్రి అంటుండు."

ప్రాణం లేచొచ్చి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని "షుక్రన్!" అని అరబ్బీలో థాంక్స్ చెప్పి ఇంకో రొయ్య గుచ్చాను. ఆయన నోరు తెరిచి నన్ను చూసి, ఈసారి గట్టిగా "మాఫీ!" అని అరిచాడు.

"ఎంత మంచోడో! అడక్కుండానే మళ్ళీ క్షమించేశాడు," అన్నాడు పులసన్న.

యూనిఫాం ఆయన ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే నా దారం బిగిసింది. చేప స్తంభం అడుగున సందులోకి దూరింది. లాగితే తెగుతుంది, కాస్త వదులు చేస్తే అదే బయటికొస్తుందని పుస్తకం. వదులు చేశాను, వచ్చింది! గోధుమరంగు ఒళ్ళు, దాని మీద నారింజ మచ్చలు. అది గట్టు మీద ఎగురుతుండగానే వెనక కారు ఆగింది. పెద్ద అధికారి ఒకాయన దిగి, నా వైపు వేలు చూపి "బతాకా?" అన్నాడు.

పులసన్న చేపను రెండు చేతులా పైకెత్తి "బతికే ఉందండీ! చూడండి, తోక కొట్టుకుంటోంది!" అన్నాడు.

అధికారి నా జేబు వైపు చూపించాక, బతాకా అంటే గుర్తింపు కార్డని తెలిసింది. రొయ్యల నీళ్ళతో తడిసిన జిరాక్స్ ఇచ్చాను. ఆయన దాన్ని తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. నేను "సార్, వో మాఫీ బోలా..." అంటే, ఆయన ఓపిగ్గా ఉర్దూలో చెప్పాడు: "భాయ్, ఇధర్ 'మాఫీ' మత్‌లబ్ 'నహీ'. మఛ్లీ పకడ్నా మాఫీ. యల్లా, పానీ మే ఛోడో." ఇక్కడి మాఫీ అంటే క్షమించడం కాదు, లేదు, కుదరదు అనడం! చేపను నీళ్ళలో వదిలాను. అధికారి అటు తిరిగి దగ్గాడు, భుజాలు మాత్రం దగ్గుకన్నా ఎక్కువసేపు ఊగాయి. అదేమీ నాకు పట్టలేదు. నా కాగితం ఫోటో ఆయన ఫోన్‌లో ఉంది.

శనివారమంతా బట్టలు సర్దడం, మళ్ళీ తీయడం. పులసన్న "ఇద్దర్నీ పంపిస్తారులే, తోడుంటాను" అని ఓదార్చాడు. ఆదివారం పొద్దున ఫోన్ రానే వచ్చింది. కంపెనీ తరఫున ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగే మందూబ్, మలయాళీ ఆయన, వెంటనే తన గదికి రమ్మన్నాడు. మోకాళ్ళు తడబడుతుంటే లోపలికెళ్ళి, ఆయన నోరు విప్పకముందే, వచ్చీరాని హిందీలో వంతెన, మాఫీ, బతాకా, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన పెన్ను పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. తర్వాత సొరుగు లాగి, గురువారమే వచ్చిన నా కొత్త కార్డు బల్ల మీద పెట్టాడు. వంతెన సంగతి ఆయనకు అసలు తెలియనే తెలియదు.

నేను కార్డు అందుకోబోతుంటే, దాని మీద వేలు అదిమి, గంభీరంగా అడిగాడు: "మఛ్లీ కిత్నా బడా థా?"

చేతులు చాచి చూపించాను. అసలు చేప నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుందేమో. ఆ చేతులు మాత్రం, ఉద్యోగం ఉందో ఊడిందో తేలని ఆ క్షణంలో కూడా, ఆయన బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు సాగాయి. అప్పటి నాలోని ఆ కుర్రాడి మోకాళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ జాలేస్తుంది. చేతులు గుర్తొస్తే మాత్రం, ఎక్కడున్నా సరే, ఒక్కణ్ణే నవ్వుకుంటాను.