రెండో పొట్లం

మా అత్తవారింట్లో ఏ పెద్ద పనికైనా ముందు అమ్మవారిని పువ్వడగాలి. ఎర్ర గన్నేరు ఒకటి, తెల్ల గన్నేరు ఒకటి విడివిడిగా అరిటాకు ముక్కల్లో చుట్టి, నారతో కట్టి, పటం ముందు పెడతారు. ఇంటిపెద్ద కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. ఎర్రది వస్తే సరే, తెల్లది వస్తే వద్దు. ఎరుపు కుంకుమ రంగట, తెలుపు బొట్టు చెరిపేసిన నుదుటి రంగట. మా పుట్టింట్లో తెల్లటి మల్లెలు లేనిదే పెళ్ళే జరగదు. తెల్లపువ్వు ఏం పాపం చేసిందో నాకెప్పుడూ అర్థం కాలేదు. అయినా కోడలికి నోరెక్కడిది? అందరితోపాటు నేనూ లెంపలేసుకునేదాన్ని.

ఆ రోజు మాత్రం లెంపలేసుకుని ఊరుకోలేకపోయాను.

మా పదేళ్ళ పిల్లకి తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి. రాజోలులో స్కానింగ్ తీయించాం. అపెండిక్స్ బాగా వాచింది, పగిలితే ప్రాణానికే ముప్పు, ఇవాళే అమలాపురం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి అన్నాడు డాక్టరు. బట్టలూ కార్డులూ తీసుకుందామని ఇంటికొచ్చాం. మా ఆయన మస్కట్‌లో డ్యూటీలో ఉన్నారు, ఫోనెత్తలేదు. ఆపరేషన్ మాట వినగానే మామగారి మొహం మాడిపోయింది. ఆయన చెల్లెలు చిన్నప్పుడు ఆపరేషన్ బల్ల మీదే పోయిందట.

“పువ్వడగందే పిల్లని కదపడానికి వీల్లేదమ్మాయ్. తెల్లది వస్తే పసరు మందు పోయిద్దాం,” అన్నారు.

“ఆయ్, అలాగేనండి,” అన్నాను. ఛీ, నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో! లోపల పిల్ల మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని మూలుగుతోంది.

పూలకని దొడ్లోకి వెళ్ళాను. తెల్ల గన్నేరు మీద చెయ్యి వేశాను గానీ తుంచలేకపోయాను. రెండూ ఎర్రవే కోశాను. పొట్లాలు కడుతుంటే నార రెండుసార్లు తెగింది. అమ్మవారితోనే ఆటలా, పిల్లని ఎత్తుకుపోతే ఏం చేస్తావే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మామగారు కళ్ళు మూసుకుని ఒకటి తీసి విప్పారు. ఎర్రది. హమ్మయ్య అనుకునేలోపే అత్తగారి వైపు తిరిగి, “రెండోది కూడా విప్పు,” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండోదీ విప్పి, అది తెల్లదని తేలితేనే అడిగినట్టు లెక్క. భయంలో ఆ సంగతే మర్చిపోయాను.

అత్తగారు మాకు వీపు పెట్టి, పటం వైపు తిరిగి పొట్లం విప్పారు. దేవుడి ముందు ఆవలించినా లెంపలేసుకునే మనిషి ఆవిడ. చాలాసేపు కదల్లేదు. అయిపోయింది, నా కొంప మునిగింది అనుకున్నాను.

“తెల్లదేనండీ,” అన్నారు ఆకు మళ్ళీ మూసేసి. “ఆటో పిలవండి.”

అమలాపురం దాకా ఆవిడ నా మొహం చూడలేదు. పిల్లని లోపలికి తీసుకెళ్ళాక నాకు ఇంకో భయం పట్టుకుంది. ఇప్పుడు ఏదైనా జరిగితే అది నా చేతులారా చేసుకున్నదే. ఆసుపత్రి వరండాలో ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తెలియలేదు.

చివరికి డాక్టరు బయటికొచ్చి, పిల్ల బాగుంది, ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదమ్మా అన్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. అత్తగారు ఏడవలేదు. కళ్ళు మూసుకుని లెంపలు వేసుకుంటూనే ఉన్నారు.

“అత్తయ్యగారండీ, తప్పు నాదేనండి. పిల్లకి గండం గడిచింది కదండీ, ఇంకా భయమెందుకండీ?” అన్నాను.

“ఆ అబద్ధం చెప్పే ముందే అమ్మవారికి చెప్పుకున్నానమ్మా. శిక్ష వేస్తే నాకెయ్యి, పిల్ల జోలికి రాకు అని. పిల్లని వదిలేసింది,” అన్నారు. “అంటే, నా మాట విన్నట్టేగా?”