తినకుండా పెంచిన నీలి ఉర్లగడ్డలు

మా మేనత్త పోయిందన్న కబురు ఈ శ్రావణ మాసంలో, ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే మొదటి బస్సులో వచ్చింది. నేను తులసికి నీళ్ళు పోస్తున్నాను. కబురు తెచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. ముందురోజు సాయంత్రం దాకా పెరట్లో తిరిగిన మనిషి, పడుకుని తెల్లారి లేవలేదట. అటువంటి పోక అందరికీ రాదు. స్వామి దయ.

ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని పురోహితులు చెప్పారు. పన్నెండో రోజు కాగానే ఇంటికి తాళం వేసి, మూడు నెలలు తలుపు తీయకూడదన్నారు. మా బావ, అంటే ఆమె కొడుకు, భార్యతో కలిసి గిన్నెలూ బట్టలూ పట్టుకుని ఎదురింటికి మారాడు. నేను నంద్యాల బస్సెక్కాను. బస్సు శిరివెళ్ళ దాటాక గుర్తొచ్చింది. మూసిన ఇంట్లో, లోపలి కొట్టిడిలో, ఇసుక మీద నీలి ఉర్లగడ్డల విత్తనం ఉండిపోయింది.

చదివేవారు నవ్వకండి. బంగాళాదుంపను మా వైపు ఉర్లగడ్డ అంటాము. ఆ నీలి రకం చుట్టుపక్కల ఇంకెవరింట్లోనూ నేను చూడలేదు. వారానికొకసారి తిప్పి, మెత్తబడ్డదాన్ని ఏరి పారెయ్యకపోతే, ఒకటి కుళ్ళి పక్కదాన్ని కుళ్ళబెడుతుంది. మూడు నెలల తర్వాత తలుపు తీస్తే వాసన తప్ప ఏమీ మిగలదు. ఆమె ఏడేళ్ళు కాపాడినదాన్ని మేము ఒక్క తాళంతో పోగొట్టుకునేలా ఉన్నాము.

ఆ ఏడేళ్ళ సంగతి చెప్పాలి.

కర్నూలు రాజధాని అయిన ఏడు, యాభైమూడులో, ఆమె ఊరివాళ్ళతో కాశీకి వెళ్ళింది. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైన కాయో కూరో ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. చాలామంది ఎప్పుడూ ముట్టని కాకరకాయను వదిలేసి, పుణ్యం మూటగట్టుకుని వస్తారు. మా అత్త గంగ దగ్గర అబద్ధం ఆడలేదు. తనకు ప్రాణమైన ఉర్లగడ్డనే వదిలేసింది. అక్కణ్ణుంచి హరద్వారం పోతే, బజారులో ఒక కొండమనిషి గోనె పరుచుకుని ఉర్లగడ్డలే అమ్ముతోందట. కొన్ని కుంకుమ పూసినంత ఎర్రవి, కొన్ని నేరేడు పండు రంగువి. "కాశీలో వదిలితే హరద్వారంలో ఎదురొచ్చినాది" అని తనే చెప్పి నవ్వేది. డజను గడ్డలు కొంగున కట్టుకుని తెచ్చింది.

నాకు భయం వేసింది. దేవుడి ముందు వదిలినదాన్ని మళ్ళీ ఇంట్లోకి తేవచ్చునా అని మెల్లగా అడిగాను.

"తిననని చెప్పినా మే, పెంచనని చెప్పలేదు గదా. నాలుకతో పాటు కండ్లు గూడా వదిలేసి వస్తినా?"

ఆ గడ్డలు నలభై రోజులు మొలకెత్తలేదు. వీధిలోవాళ్ళు వాటికి హరద్వారం రాళ్ళని పేరు పెట్టారు. ఆమె రోజూ ఒకదాన్ని తీసి వెలుతురులో తిప్పి చూసేది. మార్గశిరంలో కళ్ళు విచ్చుకున్నాయి. మాది నల్లరేగడి. తడిస్తే బంక, ఎండితే రాయి, అందులో గడ్డ ఊరదు. అందుకని వాగు ఇసుక తెప్పించి, పెంటదిబ్బ ఎరువూ పొయ్యి బూడిదా కలిపి, బావి పక్కన నాలుగు బోదెలు ఎత్తి నాటింది. ఫాల్గుణంలో ఆకు పసుపెక్కగానే నన్ను పిలిపించింది.

తవ్విన ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు ఊరుకోవు. గడ్డకు గాటు పడుతుందని పార పట్టనివ్వలేదు. చేతులతోనే తొలిచాము. ఒక ఎర్రది వచ్చింది, దాని పక్కనే ఇంకొకటి, ఇంకాస్త లోపలికి పోతే నల్లగా, చల్లగా ఏదో తగిలింది. బావి నీళ్ళలో కడిగితే నీలం. కత్తిపీట మీద కోస్తే ఒకదాంట్లో అంచు దాకా నీలమే, ఇంకొకదాంట్లో తెల్లటి కండ మధ్య ఊదా ఉంగరం. తర్వాతిదాంట్లో ఏముందో చూడకుండా ఉండలేకపోయాము. తల నెరిసిన ఇద్దరు ఆడవాళ్ళం మోచేతుల దాకా మట్టితో, పోటీలు పడి కోసుకున్నాము. ఆ గడ్డలతో పులుసు పెట్టాను. చింతపండు రసం పడగానే నీలం కాస్తా గులాబీ రంగుకు తిరిగింది. నేను గొంతు పెంచే మనిషిని కాను. ఆ పూట నా కేక ఎదురింటికి వినబడిందట. అత్త పరుగున వచ్చి, ఆవిరి ముఖానికి కొడుతున్నా పక్కకు జరక్కుండా గిన్నెలోకే చూస్తూ నిలబడింది.

తను తినదు కనుక రుచి మా నోళ్ళతో చూసేది. ఎట్లా ఉందని అడిగితే బాగుందన్నాను.

"ఉప్పు బాగుందా, గడ్డ బాగుందా? సరిగ్గా చెప్పు. నిన్ను ఆరో ఫారం దాకా చదివించమని మీ నాయనతో కొట్లాడింది, 'బాగుంది' అనేదానికా?"

చదువు సంగతి నిజమే. ఆమె పోరకపోతే నా చదువు మూడో తరగతితో ఆగేది. ఆనాటి నుంచి నేను ఆలోచిస్తూ నమలడం నేర్చుకున్నాను. ఎర్రది ఎంత ఉడికినా విడిపోదు, పంటి కింద నిలుస్తుంది. నీలిది పొడిపొడిగా విచ్చుకుని, ఉడకబెట్టిన పచ్చి శనక్కాయల వాసన వేస్తుంది. నేను చెబుతుంటే ఆమె కళ్ళు మూసుకుని వినేది. మా మాటలను బట్టే ఏ మొక్క గడ్డలను విత్తనానికి ఉంచాలో తేల్చేది.

ఎర్రవి ఎండలకు ఓర్చుకునేవి. నీలివి మాత్రం ప్రతి వేసవికీ సగానికి సగం పోయేవి. మట్టి మిద్దె కింద లోపలి కొట్టిడి చల్లగా ఉంటుంది. పైకప్పులో వెలుతురు కోసం ఉంచిన గవాక్షిని బండతో మూసి చీకటి చేసి, నేల మీద ఇసుక పరిచి, వేపాకు చల్లి, ప్రతి శనివారం తనే ఒంగి గడ్డలను తిప్పేది. కోడలిని కూడా ఆ పనికి రానిచ్చేది కాదు.

అంత అపురూపంగా దాచిన విత్తనాన్ని ఒక ఏడు నేను కూర చేశాను.

కార్తీకంలో అహోబిలం పోతూ ఆళ్ళగడ్డలో దిగాను. అత్త ఇసుక కోసం వాగుకు పోయింది, బావా ఆయన భార్యా ఊళ్ళో లేరు. చెప్పకుండా నలుగురు చుట్టాలు వచ్చారు. ఇంట్లో కూరగాయ ఒక్కటి లేదు. వసారాలో చేటలో ముడతలు పడి, మొలకలొచ్చిన గడ్డలు కనిపించాయి. నేను ఎప్పుడూ తవ్వే రోజుకు వచ్చినదాన్నే గాని, నాటే రోజు చూసినదాన్ని కాను. తను తినదు కాబట్టి వదిలేసిందనుకున్నాను. కోస్తే లోపల నీలం. అప్పుడైనా చెయ్యి ఆగాల్సింది. వచ్చినవాళ్ళకు ఆ రంగు చూపించాలన్న ఉబలాటం నన్ను ఆగనివ్వలేదు.

ఆమె వచ్చేసరికి చుట్టాలు భోంచేస్తున్నారు. ఖాళీ చేటను చూసింది, విస్తళ్ళను చూసింది. ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అయినా గరిటె అందుకుని, తినండి తినండి అంటూ వాళ్ళకు మారు వడ్డించింది. వాళ్ళు చేతులు కడుక్కున్నాకే నా దగ్గరికి వచ్చింది.

"తొక్కులు యాడ ఏస్తివి?"

బర్రెకు పెట్టే కుడితి తొట్టిలో వేశానని చెప్పాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, మోచేతుల దాకా ఆ కుడితిలో చేతులు పెట్టి దేవులాడింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్సేది తర్వాత, ముందు ఏరు. మందంగానే చెక్కినావ్ లే. నీ మొద్దు చెయ్యి ఈ పొద్దుకు మంచిదాయె."

కన్నున్న తొక్కునల్లా ఏరి, బూడిదలో దొర్లించి, ఆ సాయంత్రమే నాటాము. పని అయ్యాక బావి గట్టున కూర్చుని నా వైపు తిరిగింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను.

"అంత పని చేస్తివి, రుచన్నా చెప్పు. ముడతలు పడినాక తీపెక్కుతాదంటారు, నిజమేనా?"

నిజమే, తీపెక్కింది. చెప్పాను. అవి మొలిస్తే అహోబిలం కొండ నడిచి ఎక్కుతానని నరసింహస్వామికి మొక్కుకున్నానని కూడా చెప్పాను. మొక్కు నువ్వు తీర్చుకో, నీళ్ళు మాత్రం నేనే పోయాల అంది. నెల తిరక్కముందే కార్డు వచ్చింది, బావ రాత. అయిదు మొక్కలు నిలిచాయి. ఆ కార్డును దేవుడి పటం దగ్గర పెట్టి, అప్పటికప్పుడే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళకు చదివి వినిపించాను. ఆ అయిదు మొక్కల సంతతే ఇప్పుడు కొట్టిడిలో ఉండిపోయింది.

అందుకే మర్నాడే మళ్ళీ ఆళ్ళగడ్డ పోయాను. శాస్త్రం దాటే ధైర్యం నాకు లేదు, దాటాలనీ లేదు. పురోహితుల ఇంటికే పోయి అడిగాను: తలుపు తీయకుండా, మనిషి లోపల అడుగు పెట్టకుండా, పైనుంచి వస్తువు తీసుకోవచ్చునా అని. ఆయన ఇటువంటిది తననెవరూ అడగలేదనీ, తప్పు మాత్రం కనబడటం లేదనీ అన్నారు.

బావ మామిడికాయలు కోసే చిక్కం తెచ్చాడు, పొడుగు వెదురు చివర వల సంచి కట్టినది. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాము. గవాక్షి మీది బండ జరిపించి నేను బోర్లా పడుకున్నాను. బావ భార్య నా కాళ్ళు పట్టుకుంది.

"యాభై ఏండ్లకు కన్నం ఏసేది నేర్చుకుంటివి మరదలా. ఇరుక్కునేవు, మూడు నెలలు ఆడనే ఉండాల" అన్నాడు బావ.

తల్లి పోయి రెండు వారాలు కాలేదు. అయినా ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాము.

ఎండ కడ్డీలా లోపలికి దిగింది. కళ్ళు అలవాటు పడేసరికి గడ్డలు కనిపించాయి, చాలావాటికి బియ్యపు గింజంత ఊదా మొలక. ఉన్నాయి ఉన్నాయి అని పైనుంచే చెప్పాను. మెత్తబడ్డ రెండింటిని ముందు లాగేశాను. తర్వాత ఒక్కొక్కటే, వలలో పడ్డదల్లా పైకి తీశాను. మూలనున్నవి అందలేదు. అందినవి ఇరవై మూడు. నంద్యాలలో మా ఇంటి చీకటి మూలలో ఇసుక మీద ఉన్నాయి, కార్తీకంలో నాటుతాను.

గడ్డలు లేచేకొద్దీ వాటి మధ్య ఇసుక బయటపడింది. దాని మీద నాలుగు వేళ్ళ చాళ్ళు, ఒక గడ్డ ఉన్న చోటు నుంచి ఇంకో చోటికి, గోడ దాకా. ఒక దగ్గర అరచెయ్యి మొత్తం ఆనించి, దాని ఊతతో పైకి లేచినట్టుంది. బావకు చూపించాను. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరు తల వంచి చూశాము. చిక్కం దాని మీద పడకుండా పైకి లాగి, బండను మెల్లగా జరిపాము. ఎండ సన్నబడి సన్నబడి, ఆ చెయ్యి మీద గీతంత మిగిలి, పోయింది.