రెండింటికి తెల్లారింది

ఎనభైల చివర్లో ఒకసారి రైల్లో నా రేకుపెట్టె మారిపోయింది. నా సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి, రెండు రోజుల్లో ఉద్యోగం ఇంటర్వ్యూ. చేతికొచ్చిన పెట్టెలోని కాగితం మీద చిరునామా చూసి, ఆ పెట్టెతోనే మర్నాడు గోదావరిఖనిలో ఒక గని కార్మికుడి క్వార్టరు వెతుక్కుంటూ వెళ్ళి తలుపు కొట్టాను. పొద్దున పది దాటింది.

ఆయన భార్య పరుగున వచ్చి పెదవుల మీద వేలు పెట్టింది. "మెల్లగ అన్నా! మా ఇంట్ల గిప్పుడు అద్దమరాత్రి. రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు."

"నా పెట్టె ఉందా అమ్మా?" గుసగుసగా అడిగాను.

"భద్రంగ ఉన్నది. ఆయన మంచం కిందనే. గుంజితె చప్పుడైతది. రెండింటికి తెల్లారుతది, కూసోండ్రి."

ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంటర్వ్యూకి వెళ్ళే నా రైలు మూడున్నరకు. ఒక్క మనిషి నిద్ర కోసం నేనింతసేపు కూర్చోవాలా అని అరుగు మీద గొణుక్కుంటుంటే కూరగాయలవాడు వచ్చాడు. ఆ ఇంటి ముందు నోరు మెదపకుండా బండి తోసుకుపోయి, నాలుగిళ్ళు దాటాక "వంకాయలమ్మా" అని కేకేశాడు. నా గొణుగుడు ఆగిపోయింది.

రెండింటికి ఆయన వేపపుల్ల నములుతూ, నా పెట్టె మోసుకుంటూ బయటికొచ్చాడు. మూత తీసి చూశాను. సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి.

"గింత పొద్దుగాల్నే వచ్చిండ్రా అన్నా?" అన్నాడు.

"అవునండీ, ఇప్పుడే తెల్లారింది" అన్నాను, నాలుగు గంటల తర్వాత మొదటిసారి గొంతెత్తి.