మిరప చేలో క్యాబేజీ తలకాయలు

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలిసేది కాదు. తెలివి కూడా ఉండేది కాదనుకోండి, ఆ సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేరి ఆరు నెలలైంది. అక్కడ ఎవరైనా అంకె చెబితే అది బస్తాలే, కాయలు విడిగా లెక్కపెట్టే మనిషే ఉండడు. అలాంటి నాకు మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూరగాయలు పురమాయించే పని అప్పగించారు మా పెదనాన్న. (నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే.) "క్యాబేజీ ఓ యాభై చెప్పరా" అన్నారు. నేను కూరగాయల కొట్టతనికి ఫోన్ చేసి "యాభై" అన్నాను. అతనూ ఒకప్పుడు మా యార్డులో పనిచేసినవాడే. రెండు ట్రాలీ ఆటోల్లో యాభై బస్తాలు దిగాయి.

ఫంక్షన్‌లో క్యాబేజీ కూర, క్యాబేజీ పప్పు, క్యాబేజీ వడ, క్యాబేజీ పచ్చడి. వచ్చినవాళ్లకి తాంబూలంతో పాటు తలా ఒకటి చేతిలో పెట్టాం. ఆటో దొర్లిపోకుండా చక్రం కింద ఒకటి, తలుపు కొట్టుకోకుండా ఒకటి, భోంచేసి నడుం వాల్చిన మావయ్య తల కింద ఒకటి. గేదెలకి వేస్తే మూడో రోజుకి కాఫీ క్యాబేజీ వాసన కొట్టింది. "ఇంకొక్క ఆకు నా కంటపడితే పుట్టింటికి పోతా" అంది పెద్దమ్మ (వాళ్ల పుట్టింట్లో అప్పటికే రెండు బస్తాలు దింపి వచ్చాను). అయినా వసారాలో గుట్ట తరగలేదు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక అందులోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చేది. ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయని తెలుసు. తెలిసినా, లోపల ఎవరో పళ్లు నూరుతున్నట్టే ఉండేది.

ఆ ఏడు పెదనాన్న మూడెకరాల మిరప విరగకాసింది. దారిన పోయే ప్రతివాడూ ఆగి మరీ చూసిపోతున్నాడని పెద్దమ్మకి బెంగ. చేలో ఒక దిష్టిబొమ్మ పెట్టమంది. ఒకటేం ఖర్మ, అరవై పెట్టాను. కర్రకో క్యాబేజీ గుచ్చి, దొరికినంతవరకు పాత చొక్కాలు తొడిగి, బొగ్గుతో కళ్లు, కుంకుమతో నోళ్లు గీశాను. ఏ రెండు ముఖాలూ ఒకలా లేవని ఎంత మురిసిపోయానో!

మర్నాటికి ఎండకి పై ఆకులు వాడిపోయి, కళ్లు కిందికి జారాయి. మూడో రోజుకి ఆకులు ముడుచుకుని నోళ్లు తెరుచుకున్నాయి. గాలికి కర్రలు తిరిగాయో ఏమో, తూర్పుకి చూసేలా పాతినవన్నీ గట్టువైపు, అంటే మనిషి వచ్చే దారివైపు చూస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని వేళ, ఎర్రటి చేలో అన్ని తలలు. ఏదో కుళ్లు వాసన. చిలకల మాట సరే, కాకి కూడా వాలడం లేదు. నాలో నేను నవ్వుకున్నాను గానీ, వాటికి వీపు చూపించడానికి ధైర్యం చాలక వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కాను.

నాలుగో రోజు కోతలు. పొద్దున్నే దక్షిణాన మబ్బు పట్టింది. పండిన కాయ తడిస్తే తెల్లబారి తాలైపోతుంది, పెదనాన్న ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. వాన లోపల ఎంత కోస్తే అంత దక్కినట్టు. కూలీల ముఠా పెద్ద, మేమంతా కేకలత్త అని పిలిచే ఆవిడ, గట్టు మీదే ఆగిపోయింది. ఆవిడ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదటిసారి.

"అబ్బాయా, అయ్యి మమ్మల్నే చూస్తన్నయ్యి. మేం దిగం."

"క్యాబేజీలత్తా! కూరొండుకునే క్యాబేజీలు!"

"ఏయైతే ఏంది? ఆ మూలది అచ్చం మా అత్తే. పోయి మూడేళ్లయింది. బతికున్నప్పుడూ అట్టాగే చూసేది."

ఆడవాళ్లంతా క్యారేజీలు ఎత్తుకుని వెనక్కి తిరిగారు. పెదనాన్న మబ్బుని చూసి, చేనుని చూసి, గట్టు మీద కూలబడ్డారు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

"ఒక్క అరగంట ఆగత్తా!" అని చేలోకి దూకాను. వెలుగు బూడిదరంగుకి తిరిగింది. తల పట్టుకు లాగితే ముఖం గీసిన ఆకు ఒక్కటే చేతిలోకి ఊడొచ్చేది. దాని కింద ముఖం లేని తెల్లటి తల ఇంకోటి, చల్లగా, జిగటగా. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే పీక్కుంటూ పోయాను. చివరి వరసలో ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాని ఒంటిమీద పెదనాన్న పాత గళ్ల చొక్కా. నేను గీసింది నవ్వు ముఖమే. ఇప్పుడు దాని నుదుట ముడతలు, లోపలికి పోయిన బుగ్గలు, కళ్ల కింద సంచులు. అచ్చుగుద్దినట్టు పెదనాన్నే.

వెనక అడుగుల చప్పుడు. పెదనాన్న వచ్చారు. ఆ తలని రెండు చేతులతో ఊడబెరికి, కాసేపు దాని ముఖంలోకి చూశారు.

"నన్నింత ముసలోణ్ణి చేశావేందిరా?" అని పగలబడి నవ్వారు.

ఆ నవ్వుకి గట్టు మీదున్న కేకలత్త కూడా నవ్వింది, నవ్వి ఒక్క కేకేసింది. ఆడవాళ్లు చేలో దిగారు. పెద్ద చినుకులు మొదలయ్యేసరికి సగానికి పైగా కాయ టార్పాలిన్ పట్టాల కిందికి చేరింది. మిగతాది పోయింది. పెదనాన్న ఆ ఊసు మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆయన నవ్వుతుంటే నేను ఆ తలనీ ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూశాను. తేడా ఏమీ లేదు. అరవై ముఖాలు గీసిన మొనగాణ్ణి నేను. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి ఎప్పుడు అంత ముసలివాడయ్యాడో ఒక క్యాబేజీ చూపిస్తే గానీ నాకు తెలియలేదు. అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.