ఆరో పిన్ను

నా చిన్నప్పుడు వికారాబాద్‌లో మా ప్రార్థన మందిరంలో ఒక గిటార్ ఉండేది. ఆడపిల్లలు దాన్ని తుడవవచ్చు, మోయవచ్చు, వాయించకూడదు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. పాటల బృందానికి పెద్దగా ఉన్న ఒక తాత నోట్లో ఉండేది, అంతే. ఆయన కళ్లద్దాలు ఎంత మందమంటే, వాటిలోంచి చూస్తే తాండూరు స్టేషన్ కనిపించేదని మా పిల్లలకు చెబుతుంటాను. నా కథల్లో మేకపిల్ల ఏనుగవుతుందని వాళ్లకు తెలుసు కనుక సగం తీసేసి వింటారు. ఇందులో మాత్రం గిటార్‌కు సంబంధించింది ఏదీ తీసేయకండి. అది ఉన్నదున్నట్టే చెబుతున్నాను.

అప్పటిదాకా దాన్ని వాయించిన బృందంలోని ఒక అన్న ఉద్యోగం దొరికి ఊరు విడిచాడు. ఆయన వాయిస్తుంటే నేను కిటికీ పక్కన నిలబడి వేళ్లు ఎక్కడ పెడుతున్నాడో చూసేదాన్ని. ఇంటికి వచ్చి చీపురు కట్ట మీద అలాగే పెట్టేదాన్ని. అట్లా మూడు కార్డులు, అంటే తీగల మీద మూడు రకాల వేళ్ల పట్లు, నేర్చుకున్నాను. ఆయన ఊరు వెళ్లాక గిటార్ తీగలు తుప్పు పట్టి తెగిపోయాయి. కోత పండుగ దగ్గరికొచ్చింది. కొత్త పంటలోంచి కందులు, జొన్న కంకులు, గుమ్మడికాయలు తెచ్చి మందిరంలో వేదిక ముందు పోగుపోసే ఆదివారం అది. ఆ రోజు గిటార్ లేకుండా పాట ఎట్లా అని పెద్దవాళ్ల బెంగ. కొత్త తీగల ప్యాకెట్ తెప్పించారు కానీ ఎక్కించడం ఎవరికీ రాదు.

నేను ఎక్కిస్తానన్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యలోనే తాత, "ఎక్కియ్యి మరి. ఎవరెక్కిస్తే వాళ్లే వాయిస్తరు" అన్నాడు. ఆయన తమాషాకు అన్నాడు. నేను తమాషాకు వినలేదు.

గిటార్ కింది భాగంలో ఒక చెక్క పట్టీ, దానికి ఆరు రంధ్రాలు ఉంటాయి. ప్రతి తీగ చివర ఒక చిన్న ఇత్తడి గుండు ఉంటుంది. గుండును రంధ్రంలోకి దింపి పైనుంచి చిన్న బిరడాలాంటి పిన్ను గుచ్చాలి. ఆ పిన్నే తీగను పట్టుకుంటుందని నేను అనుకున్నాను. కాబట్టి ఎంత గట్టిగా దిగేస్తే అంత మంచిదని, గిటార్‌ను ఇంటికి మోసుకొచ్చి, మా అమ్మ మసాలా నూరే పొత్రం తెచ్చి బాదాను. ఒక పిన్ను రెండు ముక్కలైంది. మిగిలినవి తీగ బిగించే కొద్దీ ఒక్కొక్కటే ఎగిరి బయటికొచ్చాయి. అందులో ఒకటి మా రైల్వే క్వార్టర్ కిటికీలోంచి దూకి రైలు పట్టాలు దాటి, గూడ్సు బండి కింద నుంచి తిరిగి వచ్చిందని నేను చెబుతాను. నిజానికి బియ్యం డబ్బా కింద దొరికింది.

మా నాయన రైల్వేలో పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్. మాటలు తక్కువ. నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. సెలవు రోజున గిటార్‌ను దుప్పట్లో చుట్టి, నన్ను ప్యాసింజర్ ఎక్కించి తాండూరు తీసుకెళ్లాడు. దుప్పట్లో ఉన్నది జబ్బు మనిషి అనుకుని బండిలో ఒకామె జరిగి చోటిచ్చింది కూడా.

తాండూరులో హార్మోనియాలు బాగుచేసే ఒక చాచా ఉండేవాడు. మేము వెళ్లేసరికి అన్నం తింటున్నాడు. విరిగిన పిన్నును తిప్పి తిప్పి చూసి, తన పళ్లెంలోంచి ఒక నల్లి బొక్కను, మాంసంలోని గొట్టపు ఎముకను, తీసి పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని దాన్ని రంపంతో చీల్చి, ఒక ముక్క నా చేతికిచ్చి, వాకిట్లో పరిచిన నాపరాయి చూపించాడు. నీళ్లు చల్లుకుంటూ ఆ బండ మీద మధ్యాహ్నమంతా అరగదీశాను. చివరికి అది పిన్ను అయింది. పక్కన తీగ పట్టేందుకు ఒక సన్నటి గాడి ఆయనే పెట్టాడు.

అప్పుడు తీగలు ఎక్కించమన్నాడు. నేను అలవాటు ప్రకారం పిడికిలితో గుద్దబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, గిటార్ నడుమ ఉన్న గుండ్రటి రంధ్రంలోంచి దాని కడుపులోకి పెట్టించాడు. తడిమి చూస్తే ఇత్తడి గుండు సరిగ్గా పిన్ను మొన కింద కూచుని ఉంది. తీగను బిగిస్తే ఆ గుండే పిన్నును పైకి తంతుంది.

"గంత కోపమెందుకు బిడ్డా" అన్నాడు చాచా. "పిన్నును దంచకు. బొటనవేలితోని జర ఒత్తిపట్టు, తీగెను పైకి గుంజు. గుండు పోయి చెక్క కింద పక్కకు కూచుంటది. ఆడ కూచున్నంక ఇగ ఎవ్వడెంత గుంజితే గంత గట్టిగుంటది."

అట్లాగే చేశాను. ఆరు తీగలూ నిలిచాయి. లావు తీగకు నా ఎముక పిన్ను పెట్టాను. మళ్లీ తీయాలంటే లోపలి నుంచి ఒక నాణెంతో పైకి నెట్టాలని కూడా ఆయన నేర్పాడు. అది ఎంత పనికొస్తుందో అప్పుడు తెలియదు.

పండుగ ఆదివారం మందిరం నిండిపోయింది. తాత ప్రతి తీగనూ మీటి చూశాడు. తల ఊపాడు. తర్వాత గిటార్‌ను డిగ్రీ చదివే తన మనవడి వైపు జరిపాడు.

"మంచిగెక్కించినవు. ఇగ అన్నకియ్యి. ఆడపిల్ల ముందట నిలబడి వాయిస్తే బాగుండది."

నాకు ఏడుపు రాలేదు. వచ్చిందని మా అమ్మ అంటుంది, నమ్మకండి. ఇస్తాను తాతా అని చెప్పి, అక్కడే నేల మీద కూచుని తీగలన్నీ వదులు చేసి, చేయి లోపల పెట్టి ఆరు పిన్నులూ పైకి నెట్టేశాను. గిటార్‌ను, తీగలను, ఐదు పిన్నులను ఆయన ముందు వరసగా పెట్టాను. ఆరోదాన్ని, నేను అరగదీసిన ఎముక పిన్నును, నా గౌను జేబులో వేసుకున్నాను.

"ఇవి మందిరానివి. గిది నాది. ఎవరెక్కిస్తే వాళ్లే వాయిస్తరన్నవు గద. అన్న ఎక్కించనీ."

మా నాయన వెనక వరసలో లేచి నిలబడ్డాడు. నన్ను ఇంటికి ఈడ్చుకుపోతాడనుకున్నాను. ఆయన అట్లాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే.

మనవడు వంగి మొదటి తీగ ఎక్కించాడు. పిన్నును అరచేత్తో బాదాడు, అచ్చం నాలాగే. బిగించాడు. పిన్ను ఎగిరి వెళ్లి తాత కళ్లద్దాలకు తగిలి, గుమ్మడికాయల మధ్య పడింది. ఇందులో నేను ఒక్క అంగుళం కూడా పెంచలేదు. ముందు వరసలో ఉన్న ఒక అవ్వ పళ్లు లేని నోటితో నవ్వి, "అందరి ముందట మాటిచ్చినవు. పిల్లకియ్యి పెద్దాయనా" అంది.

అందరి ముందూ కూచుని ఆరు తీగలూ మళ్లీ ఎక్కించాను. ఆలోపల జొన్న కంకులు మొలకలెత్తాయని చెబుతుంటాను. మూడు కార్డులే వచ్చు కనుక మూడింటితోనే పాట మొత్తం లాగాను. ఒకచోట తప్పింది. ఆగలేదు.

తాత నన్ను ఎన్నడూ మెచ్చుకోలేదు. కానీ ఆ తర్వాత ప్రతి ఆదివారం పాటకు ముందు వచ్చి, ఆ లావు తీగను వేలితో పైకి గుంజి చూసేవాడు, పిన్ను ఊడుతుందేమోనని. నేను అడ్డం చెప్పేదాన్ని కాదు. గుంజనిచ్చేదాన్ని.

ఆ ఎముక పిన్ను పసుపుపచ్చగా మారి, ఇప్పుడు నా సొంత గిటార్ మీద ఉంది. ఈ పని నీకెందుకు, వేరేవాళ్లకు ఇచ్చెయ్ అని ఈ వయసులోనూ నాతో అనేవాళ్లు ఉన్నారు. నేను అరవను, పిడికిలి బిగించను. ఆ ఇత్తడి గుండులా కాస్త పక్కకు జరిగి, నా చోటు చూసుకుని కూచుంటాను. ఇక వాళ్లిష్టం, ఎంతైనా గుంజుకోవచ్చు.