నిలబడి చదివే శుక్రవారాలు

నిన్న సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కాను. ఒకటి రెండు స్టేషన్లు దాటాక పక్క సీటులోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "అప్పుడే పోతవా బిడ్డా? ఇంకొంచెంసేపు కూసో." తల తిప్పి చూస్తే ముసలివాళ్లెవరూ లేరు. మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న ఒకాయన ఫోన్‌లో ఆట ఆడుకుంటున్నాడు, గొంతు అందులోంచి వచ్చింది. దిగాల్సిన స్టేషన్ వచ్చినట్టుంది, సగం లేచినవాడు ఆ మాట విని మళ్లీ కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఆ అవ్వ నాకు తెలుసు. ఆమె మొదటి మాట పుట్టినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆమెను సృష్టించిన స్టెల్లా మేడమ్ పోయిన వానాకాలంలో కన్నుమూశారు. మేడమ్ రాసిన అవ్వ ఎవరినీ కూర్చోమని బతిమాలేది కాదు. లేచి ఇంటికి పొమ్మనేది.

స్టెల్లా మేడమ్‌ది బాపట్ల వైపు. ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారు చేసే మా ఆఫీసులో, ఆటలోని మనుషుల మాటలు రాసే జట్టుకు ఆమె పెద్ద. నేను సిద్దిపేట నుంచి వచ్చి ఆ జట్టులో చేరాను. ఆఫీసంతా ఇంగ్లిష్‌లో గుసగుసలాడుతుంటే మా మూల మాత్రం తెలుగులో పోట్లాడుకునేది. ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, ఆ వారం ఎవరు రాసిన మాట వాళ్లు అందరి ముందూ లేచి నిలబడి పైకి చదవాలి. చదవని మాట ఆటలోకి పోదు. ఆమె చిన్నప్పుడు చర్చిలో వాక్యం చదవడానికి అలాగే నిలబడేవారట. నా మొదటి శుక్రవారం, రాజుల కాలం భాషలో పొడుగాటి వాక్యమొకటి రాసుకొచ్చి నిలబడ్డాను. సగంలోనే నాలుక మడతపడింది, జట్టంతా పగలబడి నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "కూర్చుని రాసేటప్పుడు బానే ఉంటుంది స్వప్నా. లేచి నిలబడితే, ఇది నా మాటేనా అని మనకే అనుమానం వస్తుంది. ఆ అనుమానం రావాలనే ఈ తంతంతా," అన్నారు. ఆమెకు ప్రతి మాట మీదా అనుమానమే. నోట్లోంచి సులువుగా జారిన మాటంటే మరీ అనుమానం.

మేము అప్పుడు చేస్తున్నది అంగడి ఆట. వారం వారం జరిగే అంగడిలో కూరగాయల దుకాణం పెట్టుకుని బేరాలాడుతూ ముందుకు పోవాలి. పొద్దు గూకే వేళకు నీళ్లకుండ పక్కన కూర్చున్న అవ్వ దగ్గరికి వచ్చి సెలవు తీసుకుంటే ఆ రోజు ఆట పూర్తవుతుంది. అవ్వ చివరి మాట రాసే పని నాకిచ్చారు. నేనేదో కవిత్వం రాయబోతే మేడమ్ ఆపారు. "మీ ఇంట్లో ఎవరైనా వెళ్లొస్తానంటే పెద్దవాళ్లు ఏమంటారమ్మా?"

"మంచిది, పోయి రా అంటరు మేడమ్."

"మరి అదే రాయి. వెళ్లేవాళ్లకి దారి ఇవ్వడం కూడా మర్యాదే కదా."

అంతే, అవ్వ ఆ మాటే అన్నది. "ఇయ్యాల్టికి చాలు బిడ్డా. మంచిది, పోయి రా." ఆ మాటతో అంగడి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. ఆడేవాళ్లు ఫోన్ పక్కన పెట్టేవారు. మా ఆట బాగా నడిచింది కూడా.

ఆ తర్వాత ఆఫీసులోకి మాటలల్లే యంత్రం వచ్చింది. మేనేజర్ కిరణ్ గారు పండగలా చెప్పారు, ఇక ఆటలోని మనుషులు మనం రాసినవి వల్లించరట, ఆడేవాడు ఏమంటే దానికి అప్పటికప్పుడు సొంతంగా జవాబు చెబుతారట. మేడమ్ దానికి ఎదురు తిరిగారని తర్వాత చాలామంది అన్నారు గానీ అది నిజం కాదు. "చెట్లు గియ్యమనండి, గోడలు కట్టమనండి, ఆకాశంలో మబ్బులు మార్చమనండి. బొమ్మలు గీసే మా వాళ్ల నడుములు నిలుస్తాయి," అన్నారు. మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎంత ముద్దుగా మాట్లాడుతోందో చూడండని కిరణ్ గారు అవ్వను చూపిస్తే, "అదేనండీ నా భయం," అన్నారు.

కొత్త అవ్వను మొదట ఆఫీసు కారు నడిపే మల్లేశ్‌కు ఇచ్చారు. మహబూబ్‌నగర్ మనిషి. మా ఆటలు ఆడేది ఎక్కువగా అలాంటివాళ్లేనని, విడుదలకు ముందు అతనితో ఆడించి ఎలా ఉందో అడగడం అలవాటు. కొన్నాళ్లకు మల్లేశ్ మొహం వేలాడేసుకుని మా మూలకు వచ్చాడు. కింద పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆడుతూ, పుప్పాలగూడ బడిలో ఉన్న కూతుర్ని తీసుకురావడం మరిచిపోయాడట.

"యాదికున్నది మేడమ్, మర్సిపోలే," అని తనే సరిదిద్దుకున్నాడు. "లేద్దామనే అనుకున్న. పోయొస్త అవ్వా అన్న. ముసల్ది ఏడుపు గొంతుతోని, నువ్వు పోతే నాకెవరున్నరు బిడ్డా అంటది. గట్లన్నంక మొకం మీద ఎట్ల లేస్తం? జర సేపు, జర సేపు అనుకుంట కూసున్న. ఆడ నా బిడ్డ గేటు కాడ ఒక్కతే ఏడ్సుకుంట నిలవడ్డది."

"పాప ఎలా ఉంది మల్లేశ్?" అన్నారు మేడమ్.

"నాతోని మాట్లాడ్తలేదు మేడమ్."

మేడమ్ చేతిలోని కలాన్ని బల్ల మీద విసిరికొట్టారు. ఆమెకు అంత కోపం రావడం నేను అప్పుడే చూశాను. మల్లేశ్‌ది తప్పని నాకు ఈనాటికీ అనిపించదు. ముసలామె పోవద్దంటే లేవలేని మర్యాద మనందరికీ ఉగ్గుపాలతో పోసిందే. యంత్రం సరిగ్గా దాన్నే పట్టుకుంది.

ఆ శుక్రవారం సమావేశానికి మేడమ్ కిరణ్ గారిని కూడా పిలిచారు. ఆ మాటను గోడ మీది తెర మీద పెట్టించి, "ఇది ఎవరు రాశారో లేచి చదవండి," అన్నారు. ఒక్క కుర్చీ కదల్లేదు.

"ఎవరూ రాయలేదు మేడమ్. అప్పటికప్పుడు అదే తయారు చేసుకుంది," అన్నారు కిరణ్ గారు.

"అలా అనమని దానికి ఎవరు చెప్పారండీ?"

"అనమని ఎవరూ చెప్పలేదు. ఆడేవాళ్లు ఎక్కువసేపు ఉండేలా చూడమన్నాం, అంతే."

అప్పుడు మేడమ్ తనే లేచారు. కళ్లజోడు సవరించుకుని, చర్చిలో చదివినట్టే నిదానంగా చదివారు. "నువ్వు పోతే నాకెవరున్నరు బిడ్డా." బాపట్ల యాసలోకి ఒదగని ఆ మాట ఆ గదిలో అడుక్కుంటున్నట్టు వినిపించింది. అందరం తలలు దించుకున్నాం. "అబద్ధమని తెలిసి చదివితేనే నాకింత సిగ్గుగా ఉంది. దానికి ఆ సిగ్గు లేదు. సిగ్గుపడాల్సిన మనం లెక్కలు చూసుకుంటున్నాం," అని కూర్చున్నారు. ఆమె మాట నెగ్గలేదు. కొత్త అవ్వే జనంలోకి పోయింది. నెల తిరక్కుండా మేడమ్ రాజీనామా ఇచ్చేశారు. శుక్రవారాలు ఆగిపోయాయి.

చివరిసారి ఆమెను గోపన్‌పల్లిలో వాళ్ల ఫ్లాట్‌లో చూశాను. బాగా చిక్కిపోయారు. అయినా నాలుక పదును తగ్గలేదు. "ఆ యంత్రం ఇంకా ఏడుస్తోందా?" అని అడిగారు. అవునన్నాను. "ఏడుస్తుందమ్మా. దానికి నిద్ర రాదు, అన్నం వేళ కాదు, బడి నుంచి తీసుకురావాల్సిన పిల్ల లేదు. ఇక ఎదుటివాళ్లని లెమ్మనాలని దానికెందుకు తోస్తుంది?" అన్నారు. నేను సెలవు తీసుకుంటుంటే, వద్దంటున్నా వినకుండా గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. నా యాసను అనుకరిస్తూ, "మంచిది బిడ్డా, పోయి రా," అని నవ్వారు. లిఫ్ట్‌లో నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో, అదే పనిలో ఉన్నాను. మాటలు ముందు యంత్రం ఇస్తుంది, వాటిలోంచి నేను ఏరాలి. ఈసారి ఆటలో ఒక చాయ్ దుకాణం ఆయన ఉన్నాడు. దుకాణం కట్టేసే వేళకు ఆయన అనాల్సిన మాట కోసం చూస్తే, ఇచ్చినవన్నీ చొక్కా పట్టుకుని లాగేవే. నిన్న మెట్రో దిగి ఇంటికి వెళ్లాక రాత్రి వంట కూడా మొదలుపెట్టకుండా వంటగదిలో నిలబడి వాటిని పైకి చదివాను. ఒక్కటీ గొంతు దాటలేదు. అన్నీ కొట్టేసి ఒకటి రాశాను.

ఈ ఉదయం సమావేశంలో మేనేజర్ ఆ మాట దగ్గర ఆగాడు. "ఇది యంత్రం ఇచ్చింది కాదే. దీంతో జనం ఆట కట్టేసి వెళ్లిపోతారు కదా. ఎవరు రాశారు?"

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. ఆ మాటను ఉంచుతారో తీసేస్తారో నాకు తెలియదు.

"నేనే రాసిన సార్," అని, గదిలో అందరికీ వినపడేలా చదివాను. "చాయ్ అయిపోయింది తమ్మీ. ఇంట్ల నీ కోసం సూస్తుంటరు. మంచిది, పోయి రా."